అక్షరశుద్ధి, సూత్రశుద్ధి

రేడియో యున్న యింటివారికి ఒక అనుభవము క్రొత్తది కాదు. రాత్రివేళ మీడియం వేవుమీద దూరపు కేంద్రమును పట్టినప్పుడు ప్రసంగముతోపాటు సన్నని రొద యొకటి వినవచ్చును. దానిని అణచుటకు స్వరమును మార్చు మీటను త్రిప్పుదుము. రొద తగ్గును. కాని దానితోపాటు వక్త పలికిన శ, ష, స లును మొద్దువారును. రొదయు, ఆ యక్షరముల వాడియు ధ్వనిలో ఇంచుమించు ఒకే తావున నుండుటయే దీనికి కారణము. రొద యేదో, మాట యేదో మీటకు తెలియదు. త్రిప్పువాని చెవికే తెలియవలెను.

అచ్చుపనిలో ఇట్టి మీట యొకటి నేడు వాడుకలో నున్నది. దాని పేరు స్క్రిప్టు. ఇంగ్లీషున ఈ మాటకు లిపి యనియు, నాటకప్రతి యనియు అర్థములు కలవు. కంప్యూటరు పనివారు మాత్రము, యంత్రము వరుసగా చేయవలసిన పనులను వ్రాసియిచ్చు ఆజ్ఞాపత్రమును స్క్రిప్టు అందురు. మూడువందల పుటల పుస్తకమందలి జంట ఖాళీలను తీసివేయుట, విరామచిహ్నములను సరిదిద్దుట, శీర్షికలకొక అక్షరరూపమును పద్యములకు వేరొక రూపమును ఇచ్చుట, ఇవి యన్నియు చేతితో చేసినచో దినములు పట్టును. స్క్రిప్టుతో నిమిషములలో ముగియును. అయితే ఈ సాధనము ఇంగ్లీషును దృష్టియందుంచుకొని పుట్టినది. తెలుగుమీద దీనిని ప్రయోగించునప్పుడు ఏది మురికి, ఏది అక్షరము అను వివేకమును మనమే దానికి నేర్పవలెను. ఈ ప్రసంగమున చెప్పదలచినది ఈ యొక్క మాటయే.

ఉదాహరణములకై దూరము పోనక్కరలేదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి అను రెండు ఊళ్లను తీసికొందము. మొదటిది హైదరాబాదునుండి నిజామాబాదునకు పోవు రైలుదారియందును, రహదారియందును ఉన్న వ్యాపారస్థలము. రెండవది అచ్చటినుండి లింగంపేట మీదుగా నిజాంసాగరము వైపు పోవు త్రోవలోని పట్టణము. 2016 అక్టోబరు 11వ తేదీన తెలంగాణమున క్రొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఈ రెండును నిజామాబాదు జిల్లానుండి విడివడినవి. కామారెడ్డి జిల్లాకేంద్రమయ్యెను, ఎల్లారెడ్డి ఆ జిల్లాలో రెవిన్యూ డివిజను కేంద్రమయ్యెను. ఇట్టి పట్టణములందు అచ్చుపని యనగా పెద్ద గ్రంథములు కావు. శుభలేఖలు, కరపత్రములు, పాఠశాల సంచికలు, భజనమండలుల పాటల పుస్తకములు, ఊరి చరిత్రలు, వంశవృక్షములు, దస్తావేజుల చిత్తుప్రతులు. ఇవి చిన్నవిగా తోచును. కాని ఒక కుటుంబమునకు మిగులునవి తరచుగా ఇవియే.

సీటొకరిది, కూర్చున్నదొకరు

సీసపు అక్షరముల కాలమున కంపోజిటరు కేసునుండి ఒక్కొక్క అచ్చును ఏరి వరుసలో పేర్చెడివాడు. అతని చేతిలోనిది 'క' అయినచో అది 'క' యే, సందేహమునకు తావులేదు. కంప్యూటరు వచ్చినపిదప ఈ నమ్మకము చెదరినది.

కంప్యూటరునకు అక్షరము తెలియదు, అంకె మాత్రమే తెలియును. ఏ అంకె ఏ అక్షరమునకు గుర్తు అను ఏర్పాటు తొలుత ఇంగ్లీషునకే జరిగినది. ఆల్డస్ సంస్థవారి పేజ్‌మేకర్ 1985లో వెలువడి పుటల కూర్పును బల్లమీది పనిగా మార్చెను. ఆ కూర్పు మన దేశమునకు వచ్చినప్పుడు తెలుగునకు యంత్రములో సీట్లు లేవు. అందుచేత ఫాంట్లను తయారుచేయువారు ఒక ఉపాయము పన్నిరి. ఇంగ్లీషు అక్షరములకును, ఇతర చిహ్నములకును కేటాయించిన అంకెలయందే తెలుగు తలకట్టులను, కొమ్ములను, వత్తులను కూర్చుండబెట్టిరి. తెలుగునాట మిక్కిలి వ్యాప్తినొందిన అను ఫాంట్లు ఈ తీరువే. రైలులో రిజర్వేషను పట్టీయందు పేరొకరిది, సీటులో కూర్చున్నవారు వేరొకరు అయినట్లు, యంత్రపు పట్టీలో నున్నది ఇంగ్లీషు. పుటమీద కనబడునది తెలుగు.

దీనివలన ఒక విపరీతము కలిగినది. సాధారణముగా ఫాంటు అనగా అక్షరమునకు వస్త్రము. వస్త్రము మార్చినంతమాత్రమున మనిషి మారడు. కాని ఈ పాతపద్ధతిలో వస్త్రమే మనిషి. ఫాంటు పేరును తొలగించినచో తెలుగు మాయమై, అర్థములేని ఇంగ్లీషు అక్షరముల గుంపు మిగులును. ఆ పేరాలోనే నిజమైన ఇంగ్లీషు మాట ఒకటియున్నచో, దేనిని తెలుగుగా చదువవలెనో, దేనిని ఇంగ్లీషుగా చదువవలెనో తెలుపు గుర్తు ఫాంటు పేరొక్కటియే. పుటల కూర్పులో శుద్ధికార్యము మొదలుపెట్టువారు ప్రప్రథమమున చేయు పని, చేతితో పెట్టిన రూపములన్నిటిని ఒక్కదెబ్బతో తుడిచివేయుట. ఇంగ్లీషు ప్రతియందు ఇది మంచి అలవాటే. పాత తెలుగు ప్రతియందు ఇది గ్రంథమును చంపుటయే. కావున అక్షరరూపము వ్రాతలో భాగమైనచోట దానిని మురికి యని యెంచరాదు.

ఈ చిక్కునకు విరుగుడుగా వచ్చినది యూనికోడు. 1991లో వెలువడిన దాని మొదటి సంచికయందే తెలుగునకు 128 స్థానములతో ప్రత్యేకమైన వరుస యేర్పడెను. అనగా తెలుగునకు తన పేరుతో సీట్లు దొరకినవి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పి యందు గౌతమి యను తెలుగు ఫాంటు చేరెను. అడోబ్ సంస్థ 1994లో ఆల్డస్‌ను కలుపుకొని, 1999లో ఇన్‌డిజైన్ అను క్రొత్త సాధనమును వెలువరించెను. కాని అందు భారతీయ లిపులను పొందికగా కూర్చు వసతి 2012లోని సి.ఎస్.6 సంచికతోనే బహిరంగముగా వచ్చినది. నేటికిని ఆ వసతిని పేరాకు ఎన్నుకొననిచో వత్తులు విడిపోయి, గుడులు స్థానము తప్పును. ఇరువది యేండ్ల పాటు దుకాణములలో పేరుకొన్న పాత ఫైళ్లను యూనికోడునకు మార్చు పని అందుచేతనే ఇంకను మిగిలియున్నది.

రెండు పేర్ల పాఠము

యూనికోడు వచ్చినంతమాత్రమున చిక్కులన్నియు తీరలేదు. కామారెడ్డి అను పేరును చూడుడు. చదువువాని కంటికి నాలుగే అక్షరములు: కా, మా, రె, డ్డి. యంత్రపు లెక్కలో పది: క, దీర్ఘము, మ, దీర్ఘము, ర, ఎత్వము, డ, పొల్లు, డ, గుడి. ఎల్లారెడ్డి యును కంటికి నాలుగే, యంత్రమునకు పదునొకండు. స్క్రిప్టు వ్రాయువాడు 'చివరి వర్ణమును తీసివేయుము' అని ఆజ్ఞాపించినచో గుడి మాత్రమే పోయి 'కామారెడ్డ' మిగులును. రెండింటిని తీయుమన్నచో 'కామారెడ్' అగును. మొదటి వర్ణమునకు రంగు వేయుమని 'శ్రీ' మీద ప్రయోగించినచో, ఆజ్ఞ పట్టుకొనునది శకారమును మాత్రమే. రకారపు వత్తును గాని దీర్ఘమును గాని కాదు. మనకు అక్షరము ప్రమాణము. యంత్రమునకు కోడు ప్రమాణము. ఈ భేదమును ఎరుగనివాడు తెలుగునకు స్క్రిప్టు వ్రాయరాదు.

మరియొకటి. 'కైలాసము' లోని ఐత్వమును యూనికోడున రెండు విధముల వ్రాయవచ్చును. ఐత్వమునకు గల ఒకే గుర్తుతో వ్రాయుట ఒకటి; ఎత్వమును, దానిక్రింది గుర్తును విడివిడిగా చేర్చి వ్రాయుట రెండవది. కంటికి రెండును ఒక్కటే. యంత్రము మాత్రము వాని నడుమ అంకెల భేదమును చూచును. అందుచేత ఎదుటనే యున్న మాటను 'లేదు' అని చెప్పవచ్చును. వెదకుటకు ముందు వ్రాతనంతటిని ఒకే పద్ధతికి తెచ్చుకొనుట దీనికి మందు.

ఇక వెదకుటలోని చిక్కు. ఒక పుస్తకమున ఎల్లారెడ్డి యను ఊరిపేరు వచ్చినచోటనెల్ల బొద్దు అక్షరము పెట్టవలెననుకొందము. ఆ అక్షరములనే వెదకుమన్నచో రాజన్న సిరిసిల్ల జిల్లాలోని ఎల్లారెడ్డిపేటయు, హైదరాబాదులోని ఎల్లారెడ్డిగూడయు సగము బొద్దుగను, సగము పలుచగను మారును. దీనికి భయపడి 'పూర్తి పదమును మాత్రమే పట్టుము' అన్నచో, ఎల్లారెడ్డిలో, ఎల్లారెడ్డికి, ఎల్లారెడ్డివాసులు అనునవి చేజారును. ఇంగ్లీషున విభక్తి పదమునకు ముందు విడిగా నిలుచును. తెలుగున వెనుక అంటుకొనును. పైగా జావాస్క్రిప్టు భాషలో 'పదవర్ణము' అని చెప్పు గుర్తు ఇంగ్లీషు అక్షరములను, అంకెలను, క్రిందిగీతను మాత్రమే గుర్తించును. తెలుగక్షరము దాని దృష్టిలో పదమునకు చేరదు. కావున పదపు సరిహద్దును దాని తీర్పునకు విడువరాదు.

ఇట్టి సందర్భమునకు తగిన పనిముట్టు ఒకటి కలదు. దానిని గ్రెప్ అందురు. క్లీనీ అను గణితవేత్త 1956లో ప్రకటించిన భావనను ఆధారముగా గొని, 1968లో కెన్ థాంప్సన్ వ్రాతలలో నమూనాలను వెదకు పద్ధతిని వివరించెను. 1973లో బెల్ ప్రయోగశాలయందు అదియే గ్రెప్ అను పనిముట్టుగా వెలువడెను. ఇన్‌డిజైన్‌లో 2007నుండి అది వాడుకకు వచ్చినది. ఇందు మాటను మాత్రమే గాక దాని ఇరుగుపొరుగును గూడ చెప్పవచ్చును: 'ఎల్లారెడ్డి కావలెను, కాని దానివెంట పేట గాని, గూడ గాని ఉండరాదు' అని. అప్పుడు ఎల్లారెడ్డిలో అనునది చిక్కును, ఎల్లారెడ్డిపేట తప్పించుకొనును. అయినను ఎల్లారెడ్డి అను పేరుగల మనిషి యొకడు ఆ పుటలో నున్నచో ఊరికి పెట్టిన బొద్దు అతనికిని పడును. అతడు ఊరు కాడని గ్రెప్‌నకు చెప్పువారు లేరు. ప్రూఫు చూచువాడే చూడవలెను.

కంటికి కనబడని గుర్తు

తెలుగులో పొల్లు తరువాత హల్లు వచ్చినచో అది వత్తుగా మారుట నియమము. మన మాటలకిది సరిపోవును. అన్యదేశ్యములకు కొన్నిచోట్ల సరిపోదు. 'నిజామ్‌సాగర్' అని వ్రాయదలచినప్పుడు మకారమునకు పొల్లు నిలువవలెను, సకారము విడిగా నుండవలెను. వానిని విడదీయుటకు యూనికోడున వెడల్పులేని గుర్తు ఒకటి కలదు. అది కాగితముమీద కనబడదు, తావును ఆక్రమింపదు. కాని దానిని తొలగించినంతనే ఆ మాట 'నిజామ్సాగర్' అగును. 'సాఫ్ట్‌వేర్' అనునది 'సాఫ్ట్వేర్' అగును.

ఇంగ్లీషు ప్రతులకు వ్రాసిన శుద్ధి స్క్రిప్టులలో 'వెడల్పులేని గుర్తులనన్నిటిని తీసివేయుము' అను ఆజ్ఞ తరచుగా కనబడును. ఇంగ్లీషున అవి అంతర్జాలపు పుటలనుండి అంటుకొని వచ్చిన దుమ్మే. తెలుగున అవియే వర్ణక్రమము. అట్లని అన్నిటిని కాపాడుటయు సరికాదు. టైపు చేయుచు పొరపాటున రెండుమార్లు కొట్టినవి, పదము మొదటను చివరను మిగిలినవి నిజముగా దుమ్మే. కావున సూత్రమును ఇట్లు చెప్పవలెను: ఈ గుర్తుకు ముందు పొల్లును, వెనుక తెలుగు హల్లును ఉన్నచో ఉంచుము, లేనిచో తీసివేయుము.

ఈ చిన్నగుర్తు బలమును ప్రపంచము 2018 ఫిబ్రవరిలో చూచినది. యాపిల్ వారి ఐఫోనులలో నాడు వాడుకలోనున్న 11.2.5 సంచికకు తెలుగులోని 'జ్ఞా' అను అక్షరము ఒక ప్రత్యేక రీతిలో వచ్చినచో చూపు శక్తి లేకపోయెను. ఆ రీతిలో ఞకారపు వత్తునకును, దీర్ఘమునకును నడుమ ఈ కనబడని గుర్తే చేరియుండెను. ఆ యక్షరము సందేశముగా వచ్చిన చోటనెల్ల ఆ పనిముట్టు కూలిపోయెడిది. ఫిబ్రవరి 19వ తేదీన 11.2.6 సంచికను వెలువరించి ఆ దోషమును సరిచేసిరి. జ్ఞానమును వ్రాయు అక్షరమే యంత్రమునకు జ్ఞానము చాలదని చాటినది. మనము పైన చెప్పిన సూత్రముననుసరించి చూచినచో, అచ్చట ఆ గుర్తునకు ముందు పొల్లు లేదు. వెనుక హల్లు లేదు. అది దుమ్ము. నిజామ్‌సాగర్‌లోనిది అక్షరము. గుర్తు ఒక్కటే, తావు వేరు.

నిత్యము, వైకల్పికము, నిషేధము

చిన్ననాడు సంధిసూత్రములను వల్లించినవారికి స్క్రిప్టు వ్రాయుట పరాయి విద్య కాదు. ఇది వచ్చి, దానివెనుక అది వచ్చినప్పుడు, ఈ మార్పు జరుగును అనునదే రెండింటి స్వరూపమును. మన వ్యాకరణమున కొన్ని కార్యములు నిత్యములు, కొన్ని వైకల్పికములు, కొన్ని నిషిద్ధములు. శుద్ధికార్యములను గూడ ఇట్లే విభజించుకొనుట మేలు.

నిత్యములనగా యంత్రమునకు నిశ్చింతగా అప్పగింపదగినవి. రెండు గాని అంతకు మించి గాని ఖాళీలు వరుసగా ఉన్నచో ఒకటి చేయుట. కామాకు, బిందువునకు ముందున్న ఖాళీని తీయుట. పేరా చివరి ఖాళీలను తీయుట. వట్టి పేరాలను తొలగించుట. ఇన్‌డిజైన్‌తోపాటు వచ్చు ఫైండ్‌ఛేంజ్‌బైలిస్ట్ అను నమూనా స్క్రిప్టు ఇట్టి పనులను ఒక పట్టీనుండి చదివి వరుసగా చేయును. ఇందు వరుసయే ప్రాణము. పేరా చివరి ఖాళీలను తీయక మునుపే వట్టి పేరాలను వెదకినచో, ఒక్క ఖాళీ మాత్రముండిన పేరా వట్టిది కాదని యంత్రము విడిచిపెట్టును. ఖాళీలను ముందు తీసి, పేరాలను పిదప తీయవలెను. అయితే పద్యమునకును పద్యమునకును నడుమ విడిచిన వట్టి పంక్తి వ్యర్థము కాదు. పద్యభాగములను ముందుగా గుర్తించి, ఈ కార్యమునుండి మినహాయింపవలెను.

వైకల్పికములనగా యంత్రము చూపవలసినవి, మనిషి తేల్చవలసినవి. 'మండలము' అనుటకు బదులు నిండుసున్నయని భ్రమించి అంకె సున్నను కొట్టి 'మ0డలము' అని టైపు చేసిన ప్రతులు అనేకములు. తెలుగక్షరము వెనుక వచ్చిన అంకె సున్నను పూర్ణబిందువుగా మార్చుమనుట సులభము. '10 మండలములు' అనుచోట సున్నకు ముందున్నది అంకె గనుక ప్రమాదము లేదు. కాని దస్తావేజు వ్రాతలో సున్న సంక్షేపమునకు గుర్తు. సంవత్సరమునకు 'సం0', ఎకరములకు 'ఎ0', గుంటలకు 'గుం0' అని వ్రాయు ఆచారము కలదు. పై సూత్రము తగిలినచో 'ఎ0' అనునది 'ఎం' అగును. 'గుం0' నందు సున్నపై సున్న పడును. ఇట్టివానిని యంత్రము రంగుతో గుర్తించి నిలుపవలెను. సరిదిద్దుట మనిషి పని.

జిల్లా పేరును మార్చుటయు ఇట్టిదే. పాత సంచికను తిరిగి అచ్చువేయునప్పుడు 'నిజామాబాదు జిల్లా' అని యున్నచోటనెల్ల 'కామారెడ్డి జిల్లా' యని మార్చుట ఒక్క క్షణపు పని. నేటి చిరునామాకు అది సరియే. కాని 1985లో ఎల్లారెడ్డిలో జరిగిన సభను వర్ణించు వాక్యమున అట్లు మార్చినచో అది చరిత్రకు కళంకము. నిజామాబాదు జిల్లాలోనే నిలిచిన బోధన్, ఆర్మూరులకు తగిలినచో అది నేటికిని అబద్ధము.

నిషేధములనగా యంత్రము ముట్టరానివి. సర్వే నంబరు 245/అ వేరు, 245/ఆ వేరు. ఆ చిన్న దీర్ఘపు భేదము ఇద్దరి పొలములకు గట్టు. 'ఎ. 2-20' అనగా రెండెకరముల ఇరువది గుంటలు. ఎకరమునకు నలువది గుంటలు గనుక రెండున్నర యెకరములు. అంకెల నడుమ గీతను పొడిగించి 'వరకు' అను అర్థము వచ్చునట్లు దిద్దు సూత్రము ఇంగ్లీషున సర్వసాధారణము. అది ఇచ్చట పడినచో రెండునుండి ఇరువది వరకు అని చదువుకొనవచ్చును. అట్లే పాతగ్రంథములనుండి ఎత్తివ్రాసిన భాగములలోని అరసున్నలు, బండి ఱలు తప్పులు కావు. ప్రాతప్రతులలో కనబడు నకారపొల్లునకు 2021లో వచ్చిన యూనికోడు 14వ సంచికయందు ప్రత్యేకస్థానము లభించినది. ముప్పదియేండ్లు నిరీక్షించి సీటు సంపాదించిన అక్షరమును వింతగుర్తు అని తుడిచివేయుట న్యాయము కాదు.

అక్షరమునకు వస్త్రము

శుద్ధి ముగిసినపిదప అలంకారము. ఇందును ఒక వివేకము కలదు. టైపు చేసినవారు ఒక మాటను బొద్దు చేయుటకు అనేక కారణములుండును. అది పేరు కావచ్చును, శీర్షిక కావచ్చును, మీట పొరపాటున తగిలియుండవచ్చును. అన్నిటిని తుడిచి క్రొత్తగా మొదలుపెట్టినచో పుట చక్కబడును, కాని వ్రాసినవాని ఉద్దేశము పోవును. అన్నిటిని ఉంచినచో పుట చిందరవందరయై యుండును. కావున బొద్దుగా నున్న మాటలను ముందు వెదకి, కావలసినవానికి పేరుగల అక్షరశైలిని తగిలించి, తరువాత మిగిలిన చేతిరూపములను తుడువవలెను. శైలికి 'బొద్దు ఎరుపు' అని పేరు పెట్టుటకంటె 'ఊరిపేరు', 'పద్యము', 'తేదీ' అని పని తెలుపు పేరు పెట్టుట మంచిది. రేపు ఎరుపు వలదని నీలము పెట్టినను పేరు అబద్ధము కాదు.

2008 నాటి ఇన్‌డిజైన్ సంచికనుండి నమూనాకు సరిపోయిన మాటకు శైలిని తానే తొడుగు వసతి వచ్చినది. తేదీలు, పద్యసంఖ్యలు మొదలగువానికి ఇది మిక్కిలి ఉపకరించును. అయితే ఇంగ్లీషు శైలులను యథాతథముగా తెచ్చుకొనరాదు. గ్రంథనామములను వాలుటక్షరములలో వేయుట ఆంగ్లాచారము. తెలుగు అచ్చునకు వాలు సహజము కాదు గనుక ఉల్లేఖన చిహ్నములు చాలును. పంక్తికిని పంక్తికిని నడుమ ఎడమును యంత్రము తనంతట అక్షరపరిమాణమునకు నూటికి నూటయిరువది వంతుల లెక్కన విడుచును. తెలుగునకు అది తరచుగా చాలదు. పైపంక్తిలోని వత్తులు దిగిన చోటికి క్రిందిపంక్తిలోని గుడులు లేచును, రెండును ఢీకొనును. స్క్రిప్టులో ఈ యొక్క అంకెను పెంచినచో పుట ఊపిరి తీసికొనును.

పనిలో వరుస, ఇంటివారి పాలు

ఇంతవరకు చెప్పినదానిని క్రోడీకరించినచో వరుస ఇట్లుండును. మొదట మూలప్రతికి నకలు తీసి, మూలమును ముట్టక భద్రపరచవలెను. పాత ఫాంట్ల ప్రతియైనచో రూపములను తుడువక, ఫాంటు పేరు ఆధారముగా భాగము భాగముగా యూనికోడునకు మార్చవలెను. పిదప ఐత్వము మొదలగువానిని ఏకరూపమునకు తేవలెను. నిషిద్ధస్థలములకు ముందే గుర్తు పెట్టి, నిత్యకార్యములను వరుసతో నడపవలెను. వైకల్పికములను ఒక్కొక్కటిగా చూచి తేల్చవలెను. శైలులను తొడుగవలెను. కడపట ఒకరు బిగ్గరగా చదువుచుండగా మరియొకరు మూలముతో సరిచూడవలెను. సీసపు అక్షరముల నాటి ఈ ఆచారమునకు బదులు నేటికిని రాలేదు. కన్ను దాటవేసిన పొల్లును చెవి పట్టుకొనును.

ఇది కేవలము దుకాణదారుల విషయమని శ్రోతలు తలపవలదు. మీ యింట తాతగారి స్మరణ సంచికయో, ఊరి గుడిచరిత్రయో పాతకాలపు డిస్కుమీద నున్నచో దానిని తెరచు యంత్రము పాడైపోకమునుపే మార్పించుకొనుడు. కనబడుచున్నది గదా యని పి.డి.ఎఫ్. ప్రతితో తృప్తి పడరాదు. పాత ఫాంట్ల పి.డి.ఎఫ్. కంటికి తెలుగే, దానినుండి ఒక వాక్యమును ఎత్తి వేరొకచోట పెట్టిచూచినచో ఇంగ్లీషు అక్షరముల గుంపు వచ్చును. దానిలో తాతగారి పేరును వెదకినను దొరకదు. క్రొత్తగా అచ్చువేయించునప్పుడు యూనికోడు ఫైలును గూడ ఇమ్మని అడుగుడు. ప్రూఫు వచ్చినప్పుడు ముందుగా పేర్లను, తేదీలను, భూమి లెక్కలను చదువుడు. వర్ణనలలోని పొరపాటును పాఠకుడు సవరించుకొనగలడు. పేరులోని పొరపాటును ఇతరులెవ్వరును సవరింపలేరు.

మీటను త్రిప్పకుండ రొదను భరింపుమని ఎవరును చెప్పరు. త్రిప్పవలసినదే. కాని ఒక చెవి రొదమీదను, ఒక చెవి మాటమీదను ఉంచి త్రిప్పవలెను. మాట మొద్దువారిన క్షణమున చేయి ఆగవలెను.